పాత జీపు, నాన్న కుడికాలు

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదటినుంచీ నవ్వులాటే. మాది మండవల్లి దగ్గర ఊరు. కొల్లేరు గట్ల మీద చేపల చెరువులకి కాపలా పడుకుని పెరిగినవాణ్ణి. చీకట్లో నన్ను హడలగొట్టినవి పాములూ, చేపల దొంగలూ తప్ప ఇంకేవీ లేవు. అలాంటి నేనే ఇది రాస్తున్నాను. మీరు నమ్మకపోతే ఏమీ అనుకోను. ఇంకొకరు చెబితే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

మా ఇంట్లో పాత డీజిల్ జీపు ఉంది, నాన్న కొన్నది. పోయిన వేసవిలో నాన్నకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కూడా పోయింది. అప్పటినుంచి ప్రతి గురువారం ఆ జీపులోనే ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళి వ్యాయామం చేయిస్తున్నాం. ఒక వారం డాక్టరుగారు మెల్లగా చెప్పేశారు.

"కాలు ఇక రాదండీ. ఊరికే పెద్దాయన్ని ఇంత దూరం తిప్పుతున్నారు."

ఇంకొక్కసారి వెళ్ళి మానేద్దామని అమ్మా నేనూ అనుకున్నాం. అనుకున్నామే గానీ ఆ పూట ఇద్దరికీ అన్నం దిగలేదు.

ఆ చివరి గురువారం పొద్దున్న జీపు మొరాయించింది. స్టార్ట్ అవుతోంది గానీ, ఏదో ఒక సిలిండర్ పనిచేయక మిస్సింగ్ కొడుతోంది. తెల్లపొగ, బండంతా వణుకు.

డీజిల్ ఇంజన్‌కి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. ఇంజన్ ఆడుతుండగా సిలిండర్లకి డీజిల్ వెళ్ళే గొట్టాల నట్లు ఒక్కొక్కటే వదులు చేయాలి. బాగున్నదాన్ని వదులు చేస్తే శబ్దం మారుతుంది. పాడైనదాన్ని వదులు చేస్తే ఏమీ మారదు. ఇది మా ఇద్దరి పని. నాన్న సీట్లో కూర్చుని ఆక్సిలరేటర్ మీద కాలు వేసేవారు, నేను స్పానర్ పట్టుకునేవాణ్ణి. ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి మడ్‌గార్డ్ మీద కొట్టి చెప్పేవాణ్ణి. ఒక దెబ్బ కొడితే కాలు నొక్కి ఇంజన్ని లేపాలి, రెండు కొడితే వదలాలి. "కొంచెం లేపితేనే రా, దొంగ దొరికేది," అనేవారు నాన్న.

ఆ రోజు నేనొక్కణ్ణే. మొదటి నట్టు వదులు చేస్తే ఆ వణుకులో ఏమీ తెలియలేదు. విసుగొచ్చి, అలవాటు చొప్పున మడ్‌గార్డ్ మీద ఒక దెబ్బ కొట్టాను. ఇంజన్ లేచింది. నాన్న పట్టే నిలకడతోనే నిలబడింది. నా ధ్యాసంతా నట్ల మీదే ఉంది. ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. మూడోది వదులు చేస్తే శబ్దం మారలేదు. దొరికాడు దొంగ అనుకుని, నట్టు బిగించి, రెండు దెబ్బలు కొట్టాను. ఇంజన్ దిగింది.

అప్పుడు గుర్తొచ్చింది, సీట్లో ఎవరూ లేరని. తొంగి చూశాను. ఖాళీ.

ఇంతలో అమ్మ గదిలోంచి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"ఒరే, మీ నాన్నగారి కుడికాలు కదిలిందిరా. మంచం పట్టెని గట్టిగా నొక్కి పట్టుకున్నారు. ఇప్పుడే వదిలారు."

పరుగున వెళ్ళాను. నాన్న కళ్ళు మూసుకుని ఉన్నారు. కాలు ఎప్పటిలాగే చచ్చుబడి ఉంది. అరికాలి మీద మాత్రం పట్టె అచ్చు ఎర్రగా పడి ఉంది.

ఆ వణుకుడు బండితోనే ఏలూరు వెళ్ళాం. కండరాలు బిగుసుకుని ఒక్కోసారి అలా జరుగుతుందన్నారు డాక్టరుగారు. తర్వాత ఆకివీడులో మెకానిక్ ఆ మూడో సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ మార్చి, డీజిల్ లైన్లో గాలి పడితే ఇంజన్ దానంతట అదే లేస్తుందన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే కావచ్చు. కానీ గాలి రెండు దెబ్బలు విని దిగుతుందా? పైగా గదిలో అదీ, వాకిట్లో ఇదీ ఒకేసారి ఎలా జరిగాయి? నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ కాలు మళ్ళీ కదలలేదు. మేము గురువారాలు మానలేదు. "ఎందుకండీ మీకీ శ్రమ," అంటారు డాక్టరుగారు వెళ్ళినప్పుడల్లా. నాన్నని మోసుకొచ్చి జీపు ఎక్కించేటప్పుడు ఆ కుడికాలిని మాత్రం అమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వదు. తనే రెండు చేతులతో ఎత్తి లోపల పెడుతుంది.