నన్ను మోసం చేసింది ఆయన కాదు

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు ఎండాకాలంలో నా పెళ్లయింది. మాది కరీంనగర్ జిల్లాలో ఒక మగ్గాల ఊరు. మరమగ్గాల చప్పుడు మధ్యే కూర్చుని పదో తరగతి దాకా చదువుకున్నాను. సంబంధం మా కులంలోదే, మంచిర్యాల నుంచి వచ్చింది. పిల్లవాడు శ్రీరాంపూర్‌లో బొగ్గుబావి దగ్గర లైట్ల గదిలో పని చేస్తాడని చెప్పారు. బావిలోకి దిగే కార్మికులకు తలకు పెట్టుకునే లైట్లు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని చార్జింగు పెట్టడం ఆయన పని. లోపలికి దిగే పని కాదు కాబట్టి ప్రాణభయం లేదని మా బాపు సంతోషపడ్డాడు. పిల్లవాడి ఎడమ మణికట్టు వంకరగా ఉందేమని అడిగితే సైకిల్ మీది నుంచి పడ్డాడని వాళ్లన్న జవాబిచ్చాడు. పెళ్లిచూపుల్లో మాటలన్నీ ఆ అన్నవే. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. సిగ్గనుకున్నాం.

శ్రీరాంపూర్‌లో కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో నేను, ఆయన, మా అత్తమ్మ ఉండేవాళ్లం. ఆయన నా మీద ఎన్నడూ చెయ్యెత్తలేదు, కసురుకోలేదు. నల్లా దగ్గరి నుంచి నీళ్ల బిందెలు తనే మోసుకొచ్చేవాడు. దానికి కూడా పక్క క్వార్టర్ల ఆడవాళ్లు నవ్వేవారు. కానీ పొద్దున్నే డ్యూటీ ఉందని తలుపు దగ్గర చాప వేసుకుని పడుకునేవాడు. మధ్యాహ్నం డ్యూటీ అయినా అదే మాట చెప్పేవాడు. నేను నల్లగా ఉన్నాననో, ఎత్తుపళ్లనో ఆయనకు నచ్చలేదనుకున్నాను. అద్దం ముందు నిలబడి పెదవులు మూసుకుని చూసుకునేదాన్ని.

ఏడాది తిరిగేసరికి నల్లా దగ్గర అడగడాలు మొదలయ్యాయి. తర్వాత అడగడం మానేసి నేను రాగానే మాటలు ఆపడం మొదలుపెట్టారు. ఎదురింటామె సీమంతానికి అందర్నీ పిలిచి నన్ను పిలవలేదు. బిడ్డ పుట్టాక ఒకసారి ఎత్తుకుంటే నా చేతుల్లోంచి లాక్కుంది. మా అత్తమ్మ పిల్లల కోసం మొక్కుకుని, నన్ను వేములవాడ గుడికి తీసుకుపోయి కోడెను కట్టించింది. ఆ తర్వాత మంథనిలో ఎవరో మందిస్తారంటే బస్సులో అక్కడికీ తీసుకుపోయింది. నల్లటి కషాయం, పరగడుపున తాగాలి. తాగిన ప్రతిసారీ వాంతి అయ్యేది. వాంతయితే మళ్లీ పోసి తాగించేది. నన్ను నా భర్త తాకనే లేదని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమెకు ఆ సంగతి ముందే తెలుసని నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ పక్కింటికి పోయింది. పొద్దున వాంతయిందని ఆమె మళ్లీ పోసిచ్చిన కషాయం గ్లాసు పట్టుకుని నేను గుమ్మంలో కూర్చుని ఉన్నాను. ఆయన డ్యూటీ నుంచి వచ్చాడు. నా చేతిలోంచి గ్లాసు తీసుకుని మోరీలో పారబోశాడు. సీసా కూడా తెచ్చి పారబోశాడు. తర్వాత గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"గిది నువ్వు తాగుతుంటె నాతోని చూసుడైతలేదు. లోపం నీది గాదు," అన్నాడు. "నాకు ఆడోళ్ల మీద మనసు పోదు. చిన్నగున్నప్పటి సంది గంతే."

నాకు వెంటనే అర్థం కాలేదు. అప్పుడు మంచిర్యాలలో ఒక దర్జీ ఉండేవాడని, అతనూ తానూ ఒకరంటే ఒకరు ప్రాణంగా ఉండేవాళ్లమని చెప్పాడు. వాళ్లన్నకు తెలిసి ఆ దర్జీని ఊరు విడిచిపోయేదాకా తరిమాడట. ఈయన్ని ఇంట్లో వేసి రోకలితో కొట్టాడట. మణికట్టు విరిగింది సైకిల్ మీది నుంచి పడి కాదు.

"మరి నన్నెందుకు చేసుకున్నవ్?" అన్నాను.

"వద్దన్న. పెండ్లయితె అన్నీ సక్కగైతయన్నరు. అవ్వ మందు తాగి సస్తనన్నది. అయినా నీకు చెప్పాల్సింది నేను. చెప్పలే," అన్నాడు.

గ్లాసు తీసుకుని ఆయన ముఖాన కొట్టాను. కనుబొమ్మ చిట్లింది. అది నేను దాచను. ఆ తర్వాత చాలా రోజులు ఆయన ముఖం చూడటానికి కూడా నాకు అసహ్యం వేసింది. ఆయన తెచ్చిన నీళ్లు ముట్టేదాన్ని కాదు. చివరికి సంచి సర్దుకుని మా ఊరికి పోయాను.

నన్ను కన్న మా అవ్వకు అన్నీ చెప్పాను. నూలు కండెలు చుట్టడం ఆపకుండానే విన్నది. తాగడు, కొట్టడు, జీతం ఇంటికి తెస్తాడు, ఇంకేం కావాలి నీకు అన్నది. ఈ మాట బయట పడితే నీ చెల్లెకు పెళ్లి కాదన్నది. మా బాపు అయితే ఇలాంటివి ఆడపిల్ల నోట వినకూడదని లేచి బయటికి పోయాడు. మరునాడు వాళ్లే నన్ను బస్సెక్కించారు. పెళ్లికి ముందు వాళ్లకేమీ తెలియదు, ఒప్పుకుంటాను. తెలిసిన తర్వాత వాళ్లు చేసింది ఇది.

తిరిగి వచ్చిన కొన్నాళ్లకు అత్తమ్మ, నేను వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాం. ఆమె తలెత్తకుండా మాట్లాడింది.

"నా కొడుకు సంగతి నీకు చెప్పిండట. ఇగ దాసుడెందుకు? ఇంట్ల ఒక పొల్లగాడు పుడితె లోకం నోరు మూతవడ్తది. పెద్దోడున్నడు గద. ఆడు ఒప్పుకున్నడు. ఇంటి రక్తమే, పరాయోడు గాదు."

చేటలోని బియ్యం వాకిట్లో పారబోసి లేచాను. ఆమె ఆ బియ్యం ఏరుకుంటూ, ఇందులో కోపమెందుకో తనకు అర్థం కావడం లేదన్నట్టు నా వైపు చూసింది. కుటుంబం ఇజ్జత్ నిలబెట్టడానికి వాళ్లు ఒక కొడుకు చెయ్యి విరిచారు, నన్ను తెచ్చి ఆ విరిగిన చేతికి కట్టారు, ఇప్పుడు నన్ను ఇంకో కొడుకు పక్కలోకి పంపాలనుకుంటున్నారు. ఇన్నాళ్లూ నేను పళ్లు నూరింది ఎవరి మీదో, నూరాల్సింది ఎవరి మీదో అప్పుడు తెలిసింది.

సాయంత్రం ఆయన రాగానే చెప్పాను. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా అన్న ఉండే మంచిర్యాలకు పోయాడు. బజారులో అన్న కాలర్ పట్టుకున్నాడట. జీవితంలో మొదటిసారి. అన్న నలుగురిని పోగుచేసి కొట్టించి, కోడలు ఇంట్లో చిచ్చు పెడుతోందని తనే కుల పంచాయితీ పిలిచాడు.

పంచాయితీ మా కులం వాళ్ల భవనంలో జరిగింది. జంపఖానా మీద మగవాళ్లంతా కూర్చున్నారు. మా బాపు కూడా వచ్చి ఒక మూల కూర్చున్నాడు. నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టారు. నేను బావ మీద కన్నేశానని, మొగుడికి లేనిపోనివి ఎక్కించానని అన్న చెప్పాడు. చాలామంది తలలూపారు. కొందరు ఒక పక్కన కూర్చున్న మా ఆయన్ని చూసి చేతులతో సైగలు చేసుకుని నవ్వుకున్నారు. అందరికీ అన్నీ తెలుసు. ఆ నవ్వు చూస్తే తెలిసిపోయింది. ఆఖరికి పెద్దమనిషి నా వైపు తిరిగాడు.

"నీ నోటితోని నువ్వే చెప్పు బిడ్డా. ఆడు మొగోడేనా, కాదా? కాదంటె ఇప్పుడే తెంపేస్తం. నీకే మచ్చా ఉండదు."

నేనొక్క మాటంటే చాలు, తప్పంతా ఆయన మీద పడుతుంది, నేను బయటపడతాను. ఎంత సులువుగా ఉందో ఆ దారి. ఆయన నా వైపు చూడలేదు.

"గా మాట నన్నెందుకడుగుతరు?" అన్నాను. "పెండ్లికి ముందే ఎరుకున్నోళ్లు గీడ్నే కూసున్నరు. ఎరుకుండి నన్నెట్ల కట్టవెట్టిండ్రో ముందుగాల ఆళ్లను చెప్పమనుండ్రి. నన్ను మా బావ పక్కల పండుమన్నదెవరో అడుగుండ్రి. ఆయన నన్ను ఒక్క దెబ్బ కొట్టలే. మీరంత కలిసి కొట్టిండ్రు."

మా బాపు తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. పెద్దమనిషి అన్నను అడగలేదు. ఆడది సభలో ఇట్లా మాట్లాడవచ్చునా అన్నది మాత్రం చాలాసేపు చర్చించారు. అప్పుడు ఆయన లేచి నిలబడి, ఆమెకు ఏ పాపం తెలియదు, నేనే ఇట్లాంటి మనిషిని, ఇట్లాగే ఉంటాను అన్నాడు. మాట పూర్తికాకముందే అన్న ఆయన్ని తన్నాడు. ఆ తర్వాత ఎవరు కొట్టారో, ఎవరు ఉమ్మేశారో చెప్పలేను. నేను మధ్యలోకి పోతే నా జాకెట్టు చెయ్యి చిరిగింది. మా ఇద్దరికీ తెగదెంపులన్నారు. ఆయనకు కులంలో ఎవరూ నీళ్లివ్వకూడదన్నారు. అన్నకు ఏమీ లేదు. తర్వాత కొన్నేళ్లకు ఆ పంచాయితీకి అతనే పెద్దమనిషి అయ్యాడు.

లైట్ల గదిలో కూడా ఆయన్ని ఉండనివ్వలేదు. ఆయన ఇచ్చిన లైటు పెట్టుకుని దిగితే బావిలో కీడు జరుగుతుందని కార్మికులు పక్క కిటికీ దగ్గర వరుస కట్టేవారట. పై అధికారులు పిలిచి మందలించింది ఆయన్నే. కొలువు వదిలేసి ఆదిలాబాద్ వైపు వెళ్లిపోయాడు.

నాకు మళ్లీ సంబంధాలు రాలేదు. మొగుణ్ని పంచాయితీలో వెనకేసుకొచ్చిన ఆడదని పేరు పడింది. నేను కరీంనగర్‌లో నర్సు ట్రైనింగు చేశాను. కొన్నేళ్లకు ఆదిలాబాద్ జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం వచ్చింది. అక్కడి అంగడిలో ఒకరోజు పెసర్లు కొంటుంటే వెనక నుంచి ఎవరో నన్ను పిలిచారు. ఆయనే. చిక్కిపోయాడు గానీ ముఖం తేటగా ఉంది. పక్కన నెరిసిన మీసాల మనిషి ఒకడు సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఆ దర్జీ. ఏళ్ల తరబడి వెతికి పట్టుకున్నానని ఆయన చెబుతుంటే ఆ మనిషి నా ముఖం చూడలేక అంగడి వైపు తిరిగిపోయాడు.

ఇద్దరూ కుట్టుమిషన్లు పెట్టుకుని బతుకుతున్నారు. అన్నదమ్ములమని చెప్పుకుని ఒక గది కిరాయికి తీసుకున్నారు. నేనప్పుడప్పుడు పోయి చాయ్ తాగి వచ్చేదాన్ని. మంచిర్యాల నుంచి వచ్చిన ఎవరో వాళ్లను గుర్తుపట్టారు. మరునాటికి ఇంటాయన సామాను వీధిలో పడేశాడు. మిషన్ పాదం విరిగింది. నాకు తెలిసి వెళ్లేసరికి పిల్లలు రాళ్లు విసురుతున్నారు, పెద్దవాళ్లు చూస్తున్నారు. నేను ఆ పిల్లల్లో చాలామందికి టీకాలు వేసినదాన్ని.

నేను ఈయన పెండ్లాన్ని అని చెప్పాను. చెబితే ఏమైనా మారుతుందేమోనని. ఇంటాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "గట్లయితె నీకు సిగ్గు లేదా, నర్సమ్మా?" అన్నాడు.

"నాకు సిగ్గెందుకు? రాళ్లేస్తున్నది నేను గాదు," అన్నాను.

వాళ్లిద్దర్నీ నా క్వార్టర్‌కు తీసుకుపోయాను. పై అధికారికి ఫిర్యాదులు పోయాయి. కాన్పులకు నన్ను పిలవడం కొందరు మానేశారు. మా అవ్వ వచ్చి గుమ్మంలోనే నిలబడి, వాళ్లున్న ఇంట్లో నీళ్లు తాగనని తిరుగు బస్సుకు వెళ్లిపోయింది. తర్వాత వాళ్లు మహారాష్ట్ర సరిహద్దు దగ్గర ఒక పట్నంలో దుకాణం పెట్టుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. అక్కడ కూడా అన్నదమ్ములమనే చెప్పుకుంటారు.

మొన్నామధ్య కరీంనగర్‌లో దగ్గరివాళ్ల పెళ్లికి పోతే పెద్దమనిషి హోదాలో ఆ అన్న వచ్చాడు. మెడలో కండువా, చుట్టూ మనుషులు. భోజనాల బంతిలో సరిగ్గా నా ఎదురుగా కూర్చున్నాడు. విస్తట్లో అన్నం వడ్డించారు. అందరూ వింటుండగానే, నవ్వుతూ, పాత ముచ్చట్లు మనసులో పెట్టుకోవద్దు చెల్లే అన్నాడు. తమ్ముడు ఎట్లున్నడని ఒక్క మాట అడగలేదు.

"నేను పెట్టుకున్న," అన్నాను. "మర్వలే. మర్వను."

ముట్టని విస్తరి అట్లాగే వదిలి లేచి వచ్చేశాను. వెనక నుంచి ఎవరో నన్ను గయ్యాళి అన్నారు.