నాయనను బండి దింపిన సూది

మా చిన్నప్పుడు, గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లోని మా ఇంట్లో వరసగా కాకరకాయలు వేగుతున్నాయంటే... నాయనకు మెడికల్ పరీక్ష దగ్గర పడిందని అర్థం.

నాయన గూడ్సు బండి డ్రైవరు. తొంభైల చివర... నేను ఎనిమిదో తరగతి. ఆయనకు షుగర్ వచ్చి అప్పటికి ఆరేళ్లు. ఒక మాత్రతో మొదలై, పూటకు రెండయ్యాయి.

డ్రైవర్లకు ఏడాదికొకసారి రక్తపరీక్ష ఉండేది. మాత్రలతో అదుపులో ఉంటే బండి నడపొచ్చు. ఇన్సులిన్ సూదికి మారితే మాత్రం బండి దిగాల్సిందే. ఆఫీసులో కుర్చీ ఇస్తారు. నాయనకు ఆ కుర్చీ అంటే భయం.

అందుకే పరీక్షకు పదిహేను రోజుల ముందు నుంచి పథ్యం. పొద్దున కాకరరసం, మధ్యాహ్నం కొర్రన్నం, కాకర వేపుడు, సాయంత్రం సగం జొన్నరొట్టె. ఆయనొక్కడే తింటే బాగుండదని అందరం అదే తినేవాళ్లం. పరీక్ష గట్టెక్కిన రోజు నాయన అరకిలో మైసూర్‌పాక్ తెచ్చేవాడు. మొదటి ముక్క తనే నోట్లో వేసుకునేవాడు. అది మా ఇంటి పండుగ... తప్పు చేస్తున్నామని ఎవరికీ అనిపించలేదు. అమ్మకు కూడా.

ఆ వేసవిలో ఒకరోజు నాయన డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పాడు. ఎడమ మేజోడు నెత్తురుతో పాదానికి అతుక్కుపోయి ఉంది. బూటు దులిపితే చిన్న కంకరరాయి పడింది.

"ఎప్పుడు పడిందప్పా ఇది?" అంది అమ్మ.

"ఏమో, తెలీలే."

"నొప్పి లేదా?"

"లేదు గదా. మంచిదే."

అమ్మ నవ్వలేదు. పసుపు పెట్టింది, కొబ్బరినూనె పెట్టింది. మూడు వారాలైనా పుండు మానలేదు. పరీక్ష మాత్రం దగ్గరికొచ్చింది. ఈసారి అమ్మ కాకరకాయ ముట్టలేదు. నాయనే దంచుకుని, పిండుకుని తాగాడు.

పరీక్ష రోజు అమ్మ కూడా బయల్దేరింది. సెలవులు కాబట్టి నేనూ వెళ్లాను. రక్తంలో చక్కెర బాగానే ఉందన్నారు. డాక్టరు కాగితం మీద సంతకం పెట్టబోతుంటే, తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ నోరు విప్పింది.

"సార్, ఈయప్ప పదైదు దినాల్నుంచి కాకరకాయ రసం తాగి వచ్చినాడు. ఇంటికి పోతూనే మైసూర్‌పాక్ తింటాడు. ఆ ఎడం కాలి బూటు విప్పమని చెప్పండి."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

తర్వాత వారమంతా పరీక్షలు. షుగర్ మాత్రలకు ఇక లొంగదని, సూది తప్పదని తేల్చాడు. "కాలు కావాలా, బండి కావాలా?" అని అడిగాడు. నాయన బూటు తొడుక్కోబోయాడు.

"కాలే సార్," అంది అమ్మ.

ఆ రోజు నుంచి నాయన అమ్మతో మాట మానేశాడు. అమ్మ ఎదురుగా కూర్చుని ఉన్నా నాతోనే చెప్పేవాడు. "మీయమ్మకు చెప్పు, మజ్జిగ పొయ్యమని."

"మీ నాయనకు చెప్పు, గలాసులోకి చూసుకోమని. పోసి శానా సేపయింది."

పక్క క్వార్టర్‌లో ఉండే డ్రైవరు నబీ మామ గేటు దగ్గర నుంచే అరిచాడు. "ఏమన్నా, మా వదిన రెడ్ సిగ్నల్ వేసిందంట గదా!" నాయన లోపలికి వెళ్లి పడుకున్నాడు.

సూది రోజూ ఇంట్లోనే వేయాలి. నర్సమ్మ అమ్మకు చీనీకాయ మీద నేర్పింది. చీనీ అంటే మా వైపు బత్తాయి. మూడు రోజులు అమ్మ చీనీకాయలకు నీళ్ల సూదులు వేస్తూ కూర్చుంది. చల్లగా ఉంచాల్సిన మందు సీసాకేమో ఫ్రిజ్ లేదు. మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టి నీళ్లకుండలో వదిలాం. నా చెల్లెలు ఒక మెత్తబడ్డ కాయను పట్టుకొచ్చి, "అమ్మా, దీనికి షుగర్ తగ్గిందా?" అని అడిగింది. నాయన గోడవైపు తిరిగి నవ్వుకోవడం నేను చూశాను.

మొదటి రోజు పొద్దున... నాయన స్టూలు మీద కూర్చుని, చొక్కా ఎత్తి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నలభై వ్యాగన్లు లాగే మనిషి నా చేయి పట్టుకుని వదల్లేదు. అమ్మ పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది. సూది దగ్గరికి తెచ్చి అలాగే ఆగిపోయింది. నాయన ఒక కన్ను తెరిచి చూశాడు. రెండు వారాల తర్వాత మొదటిసారి ఆమెతో మాట్లాడాడు.

"ఏమే, ఇంకా సిగ్నల్ ఇయ్యలేదా?"

"ఇచ్చినా. కదలద్దు."

"ఊ... కానీ మరి."

"అయిపోయింది. చొక్కా దించుకో."

నాయన పొట్ట తడుముకుని చూసుకున్నాడు. "ఇంతేనా? దీనికేనా ఇన్నేండ్లు కాకరకాయలు తినింది!"

"మేమూ తిన్నాం గదప్పా," అంది అమ్మ. అని, వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

రెండు నెలలకు పుండు మానింది. నాయన కుర్చీలో కూర్చుని, ఏ డ్రైవరు ఏ బండికి వెళ్లాలో రాసే పని చేశాడు. యార్డులో హారన్ వినబడితే మొదట్లో పెన్ను ఆగేదట... నబీ మామ చెప్పేవాడు. ఇంట్లో ఆ ఊసు ఎత్తలేదు. అమ్మను క్షమించానని కూడా ఎప్పుడూ అనలేదు. కానీ నేను పెద్దవాణ్ణయ్యాక సూది వేయబోతే, "నువ్వొద్దు, మీయమ్మను రానీ" అనేవాడు. చివరిదాకా రెండు కాళ్ల మీద నడిచాడు.

నాకూ షుగర్ వచ్చింది. మాత్రలు దాటి, మూడేళ్ల కింద సూదికి మారాను. ఇప్పుడు ఇన్సులిన్ పెన్నులు వచ్చాయి... వెంట్రుకంత సూది. ఎవరికి వారే వేసుకోవచ్చు. అయినా నిరుటి దాకా నా భార్యే వేసేది. ఆమె పోయాక నేనే వేసుకుంటున్నాను. పెద్ద పనేం కాదు... అర నిమిషం.

మీ ఇంట్లో ఆ అర నిమిషం ఎవరి ముందు ఎవరు కూర్చునేవాళ్లో... వీలైతే రాయండి.