వేలం ఆపిన మూడు నెలలు

డెబ్భయ్యల చివర్లో నేను తిరుపతిలో ఒక కోర్టులో బెంచి గుమాస్తాగా ఉండేవాణ్ణి. జడ్జిగారి ముందు కూర్చుని కేసులు పిలవడం, వాయిదా తేదీలు రాయడం నా పని. తాకట్టు ఇళ్ల వేలం ఆపమంటూ అర్జీలు వస్తూనే ఉండేవి. గడువు ఇచ్చినా చివరికి ఇల్లు పోయేదే. అందుకే వాటిని నేను పెద్దగా పట్టించుకునేవాణ్ణి కాదు.

ఒకసారి ఒక టూరింగ్ టాకీసు యజమాని ఇల్లు వేలానికి వచ్చింది. వడమాలపేట దగ్గర ఆయన డేరా తుఫాను గాలికి చిరిగిపోయి, ప్రొజెక్టరు తడిసి పాడైంది. ఆ టాకీసు కోసమే భార్యాభర్తలిద్దరూ తిరుపతిలోని తమ ఇంటిని ఒక బియ్యం వ్యాపారికి తాకట్టు పెట్టారు. వడ్డీతో కలిసి బాకీ ఇంటి విలువను దాటిపోయింది.

వేలం ఇంకో వారం ఉందనగా గడువు కోరుతూ అర్జీ పడింది. ఆయన కోర్టుకు రాలేదు. భార్య వచ్చింది.

"గడువిస్తే వడ్డీ పెరుగుతుందే తప్ప ఇంటి ధర పెరగదు" అన్నాడు వ్యాపారి వకీలు. నాకూ అదే సబబనిపించింది.

"ఇల్లు అమ్మినా అప్పు తీరదు కదమ్మా. ఇంక గడువెందుకు?" అని జడ్జిగారు అడిగారు.

ఆమె వకీలు లేవబోతుంటే ఆమే జవాబు చెప్పింది.

"తీరదు సామీ, నాకూ తెలుసు. ఇల్లు నిలుపుకుంటామని అడగలేదు. వేలమంటే అందరికీ అలుసే, సగం ధరకు గూడా పాడరు. నేనే తిరిగి బేరం కుదురుస్తా. నాలుగు రూకలు ఎక్కువొస్తే మా ఆయన మెడ మింద మిగిలే బాకీ అంత తగ్గుతాది గదా."

"ఎవరూ కొనకపోతే?" అన్నాడు వ్యాపారి వకీలు.

"తాళంచెవి నేనే తెచ్చి ఈడ పెడతా. ఇల్లు ఖాళీ చేయించను అమీనాను పంపే పని గూడా లేదు."

జడ్జిగారు కాసేపు కాగితాలు తిప్పారు. నెలనెలా కొంత సొమ్ము కోర్టులో కట్టాలన్న షరతుతో వేలాన్ని మూడు నెలలు వాయిదా వేశారు. ఇదీ మామూలు కథే అనుకుంటూ నేను తేదీ రాశాను.

ఆమె ప్రతి నెలా చెప్పిన రోజుకే వచ్చి సొమ్ము కట్టింది. రెండోసారి వచ్చినప్పుడు నేనే పలకరించాను.

"యాడన్నా బేరం కుదిరిందా అమ్మా?"

"రేణిగుంట రైల్వే గార్డు ఒకాయన సూసి పోయినాడు సార్. వాళ్లామెకు వంటిల్లు ఇరుకనిపించిందంట. మద్దె గోడ కొట్టేస్తే సరిపోతాదని నేనే సూపించినా."

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. నాకే ఎటు చూడాలో తెలియలేదు.

గడువు ఇంకో వారం ఉందనగా ఆ గార్డు ఇల్లు కొన్నాడు. వ్యాపారి ఒప్పుకున్నాడు, కోర్టు అనుమతించింది. వేలానికి కోర్టు కట్టిన ధరకంటే బాగానే ఎక్కువ వచ్చింది. అయినా కొంత బాకీ మిగిలింది. వ్యాపారి అందులో ఒక్క పైసా వదులుకోలేదు, కంతుల్లో కట్టడానికి మాత్రం సరేనన్నాడు.

వాళ్లు రేణిగుంటలో అద్దెకు చేరారు. ఆమె రైల్వే వాళ్లకు క్యారియర్ భోజనాలు వండేది. వాటిని సైకిలు మీద చేరవేయడం భర్త పని. రెండేళ్ల తర్వాత ఆఖరి కంతు కట్టిన రోజున ఇద్దరూ కలిసి కోర్టుకు వచ్చారు. నేనాయన్ని చూడడం అదే మొదలు. బక్కపలచని మనిషి, గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

సంతకాలయ్యాక వ్యాపారి ఆయన భుజం తట్టాడు. "ఇంక నీకూ నాకూ ఏం లేదప్పా. తల ఎత్తుకుని తిరుగు."

ఆయన భార్యకేసి చూశాడు.

"తీరిపోయినట్టు కాగితం నకలు ఒకటి కావాల సార్" అందామె నాతో.

నకలు రావడానికి నాలుగు రోజులు పడుతుందని చెప్పాను. ఐదో రోజు ఆయన ఒక్కడే, గుమ్మం దగ్గర ఆగకుండా లోపలికి వచ్చి తీసుకుపోయాడు.