అస్తలేదు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మా బావ పోయి ఇంకా నెల కాలేదు. ఆ పొద్దున కోరుట్ల నుంచి అక్క ఫోన్ చేసి, "తమ్మీ, మీ బావ ఎంత లేపినా లేస్తలేడు" అంది. నేనేమో, "అలిసిపోయినట్టున్నడు, పండుకోనీ అక్కా" అన్నాను. నా అంత తెలివిగలవాడు స్మృతి రాస్తే ఎవరికి ఉపయోగం అనిపించి కాగితం పక్కన పడేశాను. కానీ ఆయన తాలూకు భయం ఒకటి నా దగ్గర మిగిలిపోయింది. ఒక్కణ్ణే మోయలేక మీ ముందు పెడుతున్నాను.

బావ కోరుట్లలో మోటారు సైకిళ్ళ మేస్త్రీ. ఊళ్ళో మేస్త్రీలకేం కొదవ లేదు గానీ, తుప్పుపట్టి బిగుసుకుపోయిన బోల్టూ, తల అరిగిపోయిన బోల్టూ మాత్రం ఈయన దగ్గరికే వచ్చేవి. గాసునూనె, అదే కిరోసిన్, పోసి, దూరం వెళ్ళి బీడీ ముట్టించి, "నానుతున్నవా?" అని బోల్టునే అడిగేవాడు. తర్వాత సుత్తితో చిన్నగా తట్టేవాడు. ఇప్పబోయే ముందు పానా పెట్టి కాస్త బిగించేవాడు. ఇదేం తిక్క అని అడిగితే, "ఒక్కసారే ఉల్టా గుంజితె మొండికేస్తది బామ్మర్దీ. ముందుగాల జరంత దాని దిక్కు పోవాలె, గప్పుడు మన దిక్కు తిప్పుకోవాలె" అనేవాడు. అక్కతోనూ ఇదే పద్ధతట. అక్క వినేలా మాత్రం ఎప్పుడూ అనలేదు.

నేను సిరిసిల్లలో సాంచాలు నడిపేవాణ్ణి. ఆ మరమగ్గాల మోతలో బతికినవాడికి బయటికొస్తే మాట ఎక్కువవుతుంది, ఓర్చుకోండి. నా బండి, గంభీరావుపేట మనిషొకాయన దుబాయి పోతూ అమ్మింది. ఆయన తిరిగొచ్చాక దాన్ని చూసి గుర్తుపట్టలేదు. అది ఎటువంటి బండో మీకే తెలిసిపోతుంది.

తెలంగాణ కొట్లాట ముదిరిన రోజులవి. ఎక్కడో ఎవరో ఒంటికి నిప్పంటించుకున్నారని వార్త వస్తూనే ఉండేది. మా గల్లీలో తల్లులు గాసునూనె డబ్బాలు దాచేవారు. ఎదిగిన కొడుకు ఇంటికొస్తే, అన్నం వడ్డించే వంకతో వంగి చొక్కా వాసన చూసేవారు. బావ దుకాణం పక్కన పంక్చర్లు వేసే యువకుడు అట్లాగే నిప్పంటించుకుని పోయాడు. ఆనాటి నుంచి బావ మాట్లాడటం మానేశాడు. కంచం ముందు కూర్చునేవాడు, ముట్టకుండానే లేచేవాడు. అక్క నన్ను పిలిపించింది.

"ఆయన సూపు నాకు మంచిగ కొడ్తలేదు తమ్మీ. జగిత్యాల తోల్కపో. బిడ్డ ఇంటికాడ నాలుగు రోజులుంటె మనసు మర్లుతది. తొవ్వల మాత్రం ఒక్కన్ని ఇడువకు."

సమ్మెతో బస్సులు లేవు. బావను వెనక కూర్చోబెట్టుకుని నా బండి మీదే బయల్దేరాను. సగం దారిలో చైను ఊడింది. బిగించాలంటే వెనక చక్రం నట్టు వదులు చేయాలి. దానికి తుప్పు, పైగా మూలలన్నీ అరిగి గుండ్రమైపోయింది. బావ తన సంచిలోంచి ఆకురాయి తీసి, నట్టును రెండు పక్కలా రాకి చదును చేశాడు. పానా పెట్టాడు. తట్టాడు, బిగించాడు, ఇప్పబోయాడు. కదల్లేదు.

"బండికి గూడ నీ తీర్గనే మొండితనం అబ్బింది" అన్నాడు.

అన్ని రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన మాట అది. తిట్టాడు, అంటే బాగయ్యాడు అనుకున్నాను. కొంచెం ముందు జనం రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, పాటలు పాడుతూ వంటావార్పు నిరసన చేస్తున్నారు. "నువ్వు బండి పట్టుకో" అని బావ అటు నడిచాడు.

పొయ్యి దగ్గర కూర్చున్న ఒక ముసలమ్మ పక్కన గాసునూనె సీసా, అగ్గిపెట్టె ఉన్నాయి. బావ రెండూ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎంత కొట్లాడినా అస్తలేదవ్వా. ఇగ అంటువెట్టుడే" అని అక్కడే నిలబడిపోయాడు.

రావడం లేదు అనడానికి మా వైపు 'అస్తలేదు' అంటాం, నిప్పు పెట్టడాన్ని 'అంటువెట్టుడు' అంటాం. ఆ రోజుల్లో మాకు అస్తలేనిది ఒక్కటే. ఏది అని ఎవరూ అడగలేదు. పాడుతున్నవాళ్ళు ఆగిపోయారు. నిద్రలేని కళ్ళు, మాసిన గడ్డం, ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో అగ్గిపెట్టె. నట్టు సంగతి తెలిసిన నాకే నట్టు గుర్తు రాలేదు, అక్క గుర్తొచ్చింది. బండి వదిలేస్తే అది దభీమని పడింది. బావా అని అరవబోయాను.

అంతలోనే ముసలమ్మ లేచి బావ చెంప మీద ఒక్కటి కొట్టింది. సీసా ఎగిరిపడింది. నలుగురు ఆయన మీద పడి పట్టుకున్నారు. ఎవరో బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి నెత్తిన కుమ్మరించారు.

"నువ్వు సస్తె అస్తదారా? ఇంటికాడ నీ పెండ్లానికి ఎవడు జెప్పాలెరా?" అని ముసలమ్మ ఏడుస్తూ తిడుతోంది.

"నట్టు అవ్వా! నట్టు అస్తలేదు!"

"ఏ నట్టురా?"

"బండి నట్టు! గాడున్నడు సూడు నా బామ్మర్ది, ఆన్ని అడుగు!"

అందరూ నా వైపు తిరిగారు. అవునని తలూపాను. అప్పుడు నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకుంటూ. ముసలమ్మ నవ్వలేదు. "నట్టో గిట్టో, అగ్గిపెట్టె మాత్రం నీ చేతికి ఇయ్యను" అని దాన్ని గుంజుకుని బండి దాకా వెంట వచ్చింది. బావ ట్యాంకు ఊడదీసి దూరంగా పెట్టించాడు. తీగకు గుడ్డ చుట్టి సీసాలో మిగిలిన నూనెలో ముంచాక పుల్ల ఆమే గీసింది. నట్టు కాగేంతసేపూ బావ చొక్కా కొస ఆమె పిడికిట్లోనే ఉంది. బావ పానా పెట్టి కాస్త బిగించి, తర్వాత తిప్పాడు. కిర్రుమంది.

"అచ్చింది!" అని ఎవరో కేకేశారు. వెనకున్నవాళ్ళు ఏమొచ్చిందో తెలియకుండానే జై కొట్టారు.

తర్వాత తెలంగాణ వచ్చింది. బావ మళ్ళీ మామూలు మనిషై, నన్నూ నా బండినీ తిడుతూ చాలా ఏళ్ళు బతికాడు. ఊరూ పేరూ తెలియని ఆ ముసలమ్మకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. అది ఎంత రుణమో నాకు తెలిసింది మాత్రం ఒక మధ్యాహ్నం, దుకాణంలో ఆయన్ని అడిగినప్పుడు.

"ఆనాడు నిజంగ నట్టు కోసమేనా బావా?"

ఆయన పానా తుడిచి పక్కన పెట్టాడు.

"నట్టు కోసమే పోయిన. సీసా చేతికచ్చినంక, ఎందుకచ్చిన్నో జరసేపు యాదికి రాలె. గంతల గా అవ్వ కొట్టింది."

ఇంకేదో అడగబోయాను. అంతలో ఒకాయన బండి తోసుకుంటూ వచ్చాడు. బావ లేచి వెళ్ళాడు. క్లచ్ వైరు తెగిందట.