పైబట్ట వంశం, దోసెల వంశం

మా ఇంటిపేరు దోసె తిరగేసే వస్తువు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అది పొడి అక్షరంగా నా పేరుకి ముందు నక్కి ఉండేది. దాంతో నన్ను పిలిచినవాడు లేడు. పాస్‌పోర్టులో పూర్తిగా విప్పేసరికి ఖతర్‌లో అదే నా పేరైపోయింది. వెస్ట్ బే ఆఫీసులో మా ఫ్రెంచి మేనేజరు దాన్ని ఎంత మర్యాదగా పలుకుతాడంటే, పెనం మీంచి లేచి దండం పెట్టాలనిపిస్తుంది.

కిందటేడు మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి. పుట్టే పాపకి ఆ ఇంటిపేరు ఉంచాలని నేను, వద్దని తను. అల్ వుకైర్‌లోని మా ఫ్లాటులో రోజూ ఇదే రభస.

ఒకరోజు భోజనాల వేళ మేనేజరు తన దేశపు పాత రాజుల గొప్ప చెప్పాడు. తరతరాలు ఏలిన కపే వంశానికి ఆ పేరు మూలపురుషుడి మారుపేరు నుంచి వచ్చిందట. ఆయన కప్పుకునే పైబట్టని బట్టి అలా పిలిచేవారని అంటారట. నాకు అస్త్రం దొరికింది.

"చూశావా? అంత పెద్ద రాజవంశానిదే బట్ట పేరు. మనది ఇనుము. మన్నుతుంది," అన్నాను ఇంటికొచ్చి.

"ఆ రాజులు ఆ పేరు పెట్టుకుని తిరిగారా అండీ?"

ఇక్కడే అబద్ధం ఆడాల్సింది. చేతకాలేదు.

"లేదు. రాజుకి ఇంటిపేరెందుకు? వంశానికంతటికీ దాన్ని తగిలించింది తర్వాతి చరిత్రకారులు."

"పాపం, ఒక్కరూ పిలవలేదా?"

"విప్లవమొచ్చి రాజుని దింపేశాక పిలిచారు. అది నా పేరు కాదు, మా పూర్వీకులదని ఆయన మొత్తుకున్నాడట. వినకుండా తల తీసేశారు."

"కిరీటం ఊడినవాళ్ళకి తగిలించే పేరన్నమాట. నా కూతురికి పుట్టగానే ఎందుకండీ?"

అస్త్రం తిరిగొచ్చి నాకే తగిలింది. పాపకి ఇక్కడివాళ్ళ పద్ధతిలో వెనకాల తండ్రి పేరు చేర్చాం. అంతే.

మా నాన్న ఫోన్లో నిష్ఠూరమాడాడు. "వంశం పేరు ఆపేశావు కదరా!" ఆ వంశం ఏలిన రాజ్యమేదో ఆయన కూడా ఎన్నడూ చెప్పలేదు.

"లేదు నాన్నా, కొత్త వంశం మొదలెట్టాను. మూలపురుషుణ్ణి నేనే."

పాపని భుజానేసుకుని మా ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడింది.

"మూలపురుషుడు గారూ, పెనం మీద దోసె మాడుతోంది. వచ్చి తిరగేయండి."

వెళ్ళి తిరగేశాను.