గుండుకు బరువు లేదు

రాజారత్నానికి ఈ భూమ్మీద ఏ పిన్‌బాల్ ఆటా నచ్చదు. నచ్చదని తెలిసి కూడా రోజూ మధ్యాహ్నం మూడింటికి ప్రసన్నకుమారి నెట్ సెంటర్‌కు వస్తాడు. మూడో నంబరు సిస్టం ముందు కూర్చుంటాడు. సంచిలోంచి ఒక కొత్త సీడీ తీసి పెట్టించుకుంటాడు. తెర మీది రెండు రెక్కలతో గుండును పైకి కొడుతూ, అది కిందికి జారిపోకుండా పావుగంట ఆడి, "గుండుకు బరువు లేదు పాపా" అని పెదవి విరిచి లేచిపోతాడు.

ఇదొక్కటి తీసేస్తే ఆయన అందరిలాంటి మనిషే. యాభై ఆరేళ్ళుంటాయి. తిరుపతి రైల్వేస్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో వైర్‌మన్ పని. చొక్కా జేబులో టెస్టరు, చెవి మీద సగం బీడీ.

ప్రసన్నకుమారి షాపు ఆస్పత్రి ఎదురు సందులో ఉంది. నాలుగు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను. అది 2004. ఊళ్ళో మిగతా నెట్ సెంటర్లలో కాలేజీ పిల్లలు చాటింగులు చేసుకుంటుంటే, ఈమె దగ్గరికి మాత్రం ఎక్సరే కవర్లు పట్టుకున్నవాళ్ళు వచ్చేవాళ్ళు. ఆపరేషన్‌కు సాయం చెయ్యమని సర్కారుకు పెట్టుకునే దరఖాస్తులు టైపు చేయించుకునేవాళ్ళు. రోగి పేరు, వయసు, జబ్బు. జబ్బు పేరు టైపు చేస్తూనే ఆమెకు సగం సంగతి తెలిసిపోయేది. మొదటి దరఖాస్తుకు వచ్చినవాళ్ళు రెండోదానికి రాకపోతే, ఎందుకు రాలేదని ఆమె ఎవరినీ అడిగేది కాదు.

అట్లాంటి చోట ఒక మనిషి కూర్చుని టింగు టింగుమని గుండాట ఆడుతుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

"అన్నా, కంప్యూటర్‌తో పాటు వచ్చిన పిన్‌బాల్ ఉంది కదా. అది ఆడుకోకూడదా? ఊరూ వాడా అదే ఆడుతున్నారు" అనింది ఆమె మొదట్లో ఒకరోజు.

"అదా? అది గుండా పాపా? బెలూను. రెక్కకు తగిల్తే సాలు, గాలికి లేసినట్ల లేస్తాది."

"మరి నిన్నటిది?"

"నిన్నటిది గచ్చు మింద గోళీ. జర్రున జారతాది. బల్లకు వాలు ఉండాలా వద్దా?"

"మొన్నటిదాంట్లో బొమ్మలు బాగున్నాయన్నావే."

"బొమ్మలే బాగుండాయి. అదే దాని రోగం. మా హాల్లో సర్కసు బల్ల ఉన్నింది. దాని మింద ఒక ఏనుగు, ఒక ఆడమనిషి. అంతే. ఆ రెండింటినీ ఎవుడూ సూసినోడు లేడు. గుండును సూసేదానికే కండ్లు సాల్లేదు."

ఆ హాలు సంగతి మొదలుపెడితే ఆయన ఇక ఆగడు. మద్రాసు రేవులో దిగిన పాత పిన్‌బాల్ బల్లలు మూడింటిని కొని, స్టేషన్ రోడ్డులో ఎవరో ఆటల హాలు పెట్టారట. సర్కసు బల్ల, ఓడ బల్ల, రాణి బల్ల. వాటికి మెకానిక్ రాజారత్నం. పదిహేడేళ్ళు వాటి స్ప్రింగులు మార్చాడు, రబ్బర్లు తొడిగాడు, గంటలు తుడిచాడు. తొంభై ఒకటిలో హాలు మూతపడి, బల్లలు పాత ఇనుము కిందికి పోయాయి. ఆయన మటుకు ఇంకా వాటి ముందే నిలబడి ఉన్నాడు.

"అసలు బల్లలో గుండు ఉక్కుది పాపా. అది వస్తాంటే సేతికి తెలుస్తాది. పక్క సందులోకి పోయి పడబోతాంటే నడుముతో బల్లను ఇట్ల ఒక తోపు తోస్తే, తిరుక్కోని వస్తాది. జాస్తి తోస్తే 'టిల్ట్' అని బల్ల సచ్చూరుకుంటాది. అంత తోయకూడదు, ఇంత తోయాల. అదీ ఆట."

ఆ 'ఇంత' చూపించడానికి ఆయన మూడో నంబరు బల్లను నడుముతో ఒక తోపు తోశాడు. మానిటరు ఊగింది, మౌసు కింద పడింది. ఆటలో గుండు మాత్రం తన దారిన తాను సందులో పడిపోయింది. తోయడానికి కీబోర్డులో ఒక మీట ఉందని ప్రసన్న నూరుసార్లు చెప్పింది. "మీట నొక్కితే అది తోసినట్లా? నువ్వు సెప్పేది బాగుండాదే!" అని ఆయన నూరుసార్లూ నడుముతోనే తోశాడు.

పదిహేను రోజులకొకసారి రైలెక్కి మద్రాసు పోయి, ఫుట్‌పాత్ మీద అమ్మే సీడీలు ఏరుకొచ్చేవాడు. కంప్యూటర్ పత్రికలతో ఊరికే వచ్చే సీడీలు కూడా లాడ్జికి దిగినవాళ్ళను అడిగి తెచ్చేవాడు. ఒకదాంట్లో రెక్కలు ఆలస్యం. ఒకదాంట్లో గంట మోత రేకు డబ్బా మోత. ఇంకొకటి కొంచెం నయమని ప్రసన్న ఆశపడేలోపే, "గుండు బాగుండాది గానీ, పాపా, దీనికి అలుపు లేదు. అసలు గుండు కొట్టంగ కొట్టంగ నిదానమవతాది" అని దాన్నీ కొట్టేశాడు. అవన్నీ ఆమె సొరుగులోనే పేరుకుపోయాయి. చివరికి ఒకనాడు జిరాక్సు పేపరు వేసేవాడు పల్చటి కట్ట తెస్తే, ఆమె దాన్ని చేత్తో ఎత్తి చూసి "బరువు లేదు" అనింది. అని నాలుక కరుచుకుంది.

ఇట్లా రెండు నెలలు గడిచాయి. ఒక బుధవారం ఐరాల నుంచి ఒకామె వచ్చింది. మొగుడికి గుండె ఆపరేషన్. సాయంత్రం ఐదులోపు కాగితం అందకపోతే మళ్ళీ సోమవారం దాకా ఆఫీసరు ఉండడు. ప్రసన్న రెండు పేజీలు టైపు చేసింది. ఆఖరి లైనులో ఉండగా పక్కన రాజారత్నం నడుము ఊపాడు. వెనకున్న ప్లగ్గు ఊడి నాలుగు కంప్యూటర్లూ ఒక్కసారి ఆరిపోయాయి. రెండు పేజీలూ పోయాయి.

ఐరాల ఆమె చీకటైన తెర వైపు చూసి, "అంటే ఇంగ కాదామ్మా?" అని అడిగింది. ఆ అడగడం ప్రసన్నకు కత్తి దిగినట్లయింది.

"లెయ్!" అని అరిచింది రాజారత్నం మీద. "ఇక్కడ మనుషులు చస్తా బతకతా ఉంటే నీకు గుండాటా? బరువు లేదంట బరువు! నీకు లేదు బరువు! రేపటినుంచి ఈ గడప తొక్కొద్దు!"

రాజారత్నం ప్లగ్గు గట్టిగా బిగించి, ఊడకుండా టేపు చుట్టి వెళ్ళిపోయాడు. ప్రసన్న మళ్ళీ మొదటినుంచి టైపు చేసింది. ఐదుకు నాలుగు నిమిషాలు ఉండగా ఐరాల ఆమె కాగితం తీసుకుని పరుగెత్తింది.

శుక్రవారం ఆయన మళ్ళీ వచ్చాడు. లోపలికి రాలేదు. గడప బయట చెప్పులు విడిచి, సీడీ రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు.

"పాపా, ఇదొక్కటి సూసి పోతా. ఇంగ రాను. నడుము కదిలిచ్చను, ఒట్టు."

ఆమె సీడీ తీసుకుని పెట్టింది. ఆయన కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుని ఆడాడు. పావుగంట దాటింది. అరగంటయింది. పెదవి విరవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"పాపా, దీనికి బరువుండాది."

"సంతోషం. ఇంక వెళ్ళొస్తావా అన్నా?"

"ఆదివారం వడమాలపేటకు రావల్ల నువ్వు. మా లాడ్జీలో తీసేసిన పాత కంప్యూటర్ నాకిచ్చినారు. దాంట్లోకి ఈ ఆట ఎక్కించి పెట్టల్ల. నాకు కరెంటు పని తప్ప ఇది రాదు."

ఎవరింటికి, ఎందుకు అంటే చెప్పలేదు. మొన్న అంత మాట అన్నందుకు మనసులో ముల్లు ఉండటం వల్ల ఆమె సరేననింది.

ఆదివారం పుత్తూరు బస్సులో, ఒళ్ళో మానిటరు పెట్టుకుని కూర్చుని ఆయన అప్పుడు చెప్పాడు.

"ఆదిమూలమని నా సావాసగాడు. ఆటో తోలతాంటాడు. హాల్లో వానంత ఆటగాడు లేడు పాపా. ఒక్క రూపాయి బిళ్ళేసి సాయంత్రందాకా ఆడేవాడు. ఆరు నెల్ల కింద లారీ గుద్ది ఆటో బోల్తా పడింది. మెడ ఎముక ఇరిగింది. మెడ కింద ఏమీ కదల్దు. రెండు సూపుడు వేళ్ళు మాత్రం కొంచెం ఆడతాయి. డాక్టర్లు ఇంతే అన్నారు, ఇంటికి పంపిచ్చినారు."

బస్సు స్పీడుబ్రేకరు ఎక్కి దిగింది. ఆయన మానిటరును పసిబిడ్డలాగా పట్టుకున్నాడు.

"రెండు నెల్ల కింద సూసేదానికి పోతే, పెండ్లాన్ని బయటికి పంపిచ్చి, సేనుకు కొట్టే మందు తెచ్చియ్యి రాజా అన్నాడు."

ప్రసన్న ఆయన వైపు తిరిగింది. "నువ్వేమన్నావు?"

"తెస్తానన్నా."

"అన్నా!"

"ఏమనల్ల పాపా? తేనంటే ఇంకొకణ్ణి అడుగుతాడు. తెస్తా, దానికి ముందర నీకొక గుండాట తెస్తా, అది ఆడినాక మాట్లాడుకుందాం అంటి. దానికి రెండు వేళ్ళుంటే సాలు గదా. వాడు ఆనక అన్నాడు. ఒక్కటే సూస్తా. బాగలేకుంటే రెండోదాని పేరు ఎత్తగూడదు, నేనడిగింది తేవల్ల అని." ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "వాడు గుండును ఎరిగినోడు. బెలూన్లకు ఆగడు. ఒక్కటే తీసకపొయ్యే ఈలుంటే ఏది తీసకపోవల్ల, నువ్వే సెప్పు."

ప్రసన్న చెయ్యి చాచి మానిటరును రెండో వైపు పట్టుకుంది.

ఆదిమూలంది ఒకే గది ఇల్లు, వెనక వంటకు ఒక వసారా. గదిలో డెట్టాలు వాసన, పౌడరు వాసన. ఆదిమూలం మంచం మీద పరిచిన దుప్పటిలా ఉన్నాడు. కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి. వచ్చినవాళ్ళను చూడలేదు. ఆయన భార్య గురవమ్మ ఆయనను పక్కకు తిప్పి వీపు తుడుస్తూ, "వారమాయె, నాతో గూడా మాట్లాడ్డం లేదమ్మా. అన్నం పెడితే నోరు తెరస్తాడు, అంతే" అని ప్రసన్నతో మెల్లగా చెప్పి వసారాలోకి పోయింది.

కంప్యూటర్‌ను ఇనుప పెట్టె మీద నిలబెట్టారు. ప్రసన్న ఆట ఎక్కించింది. రాజారత్నం రెండు కాలింగ్ బెల్ స్విచ్చులు తెచ్చాడు. వాటి వైర్లు ముందే కీబోర్డులో రెక్కలు లేపే మీటలకు కలిపి పెట్టాడు. వాటిని ఆదిమూలం రెండు చూపుడు వేళ్ళ కింద అట్టముక్కలతో అమర్చి టేపు వేశాడు.

"ఆడ్రా" అన్నాడు.

మొదటి గుండు వచ్చింది. ఆదిమూలం వేలు కదపలేదు. గుండు నేరుగా పోయి కింద పడింది. రెండో గుండుకు ఎడమ వేలు కదిలింది, ఆలస్యంగా. అదీ పోయింది. రాజారత్నం మొహంలో నెత్తురు లేదు.

మూడో గుండు గంటలకు తగిలి కిందికి దొర్లింది. ఎడమ రెక్క లేచింది. గుండును కొట్టలేదు, పట్టి ఆపింది. గుండు రెక్క మొదట్లో కదలకుండా కూర్చుంది. ఆదిమూలం కళ్ళు పైకప్పు నుంచి దిగి తెర మీద నిలిచాయి. రెక్క దిగింది, లేచింది. గుండు పోయి పైనున్న గంటల మధ్య పడి మోగించింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. నిమిషం, రెండు నిమిషాలు. అంతలో గుండు పక్క సందు వైపు తిరిగింది.

"తోయ్!" అన్నాడు ఆదిమూలం.

రాజారత్నం నడుముతో ఇనుప పెట్టెను ఒక్క తోపు తోశాడు. మానిటరు ఊగింది. గుండు సందులో పడింది.

"నీ తలకాయ తగలెయ్యా!" అని ఆదిమూలం పెద్ద అరుపు. "పెట్టెను తోస్తావేందిరా గాడిదా! పెట్టెను తోస్తే టీవీలో గుండు తిరగతాదా? అన్నం తింటాండావా గడ్డి తింటాండావా?"

గురవమ్మ పిండి చేతుల్తో పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"దీనికి మీట వేరే ఉండాదిరా" అన్నాడు రాజారత్నం నీళ్ళు నములుతూ.

"ఉంటే నొక్కవా? పైగా ఇదొక ఆటా? గుండు సరే, బరువుండాది. ఎడం రెక్క సూడు, నిద్రలో లేసినట్ల లేస్తాంది. దీన్ని బాగుందన్నోడెవుడు?"

రాజారత్నానికి పౌరుషం వచ్చింది. "రెండు నెల్లు ఎతికినాను రా! మద్రాసుకు తిరిగి తిరిగి ఎతికినాను! దీనికి పేరు పెడతావా నువ్వు?"

"రెండు నెల్లెతికి తెచ్చేది దీన్నా? వచ్చే ఆదివారం ఇంకోటి తే."

రాజారత్నం తల ఎత్తి చూశాడు.

"రెండోది సూడనంటివి గదరా" అన్నాడు రాజారత్నం, మెల్లగా.

"ఎవుడన్నాడు?" అన్నాడు ఆదిమూలం. "గుండు ఎయ్. ఈసారి మీట నొక్కు."

రాజారత్నం వంగి, ఏమీ ఊడని వైరును చాలాసేపు సర్దాడు.

"ఏమే" అని భార్యను పిలిచాడు ఆదిమూలం, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "ఈళ్ళకు కాఫీ ఇయ్యి. ఆ పాపకు మంచిగా ఇయ్యి. ఈ గాడిదకు మాత్రం సక్కెర ఎయ్యొద్దు."

గురవమ్మ వెనక్కి తిరిగి వసారాలోకి పోయింది. వెంట వెళ్ళిన ప్రసన్నకు ఆమె భుజాలు ఎగిసిపడటం కనిపించింది. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోయింది. ఏడుస్తూనే ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనూ ఉంది.

"తిట్టినాడమ్మా" అనింది. "ఇన్నావా? ఎంత బాగా తిట్టినాడో!"

రాజారత్నానికిచ్చే కాఫీ గ్లాసులో గురవమ్మ మూడు చెంచాల చక్కెర వేసింది. ఒక్క క్షణం ఆలోచించి నాలుగోది కూడా వేసింది.

రాజారత్నం ఒక గుక్క తాగాడు. గుమ్మంలో నిలబడ్డ గురవమ్మ వైపు చూశాడు. తర్వాత మొహమంతా ముడుచుకుని, "థూ! యాక్, సేదు! ఇట్ల ఇస్తారా మనిషికి!" అన్నాడు.

ఆదిమూలం మొహం విప్పారింది.

"తాగు" అన్నాడు తృప్తిగా. "మొత్తం తాగు."