శాంటా క్లారాలో పచ్చ నాలుకలు

పుట్టినరోజు పార్టీని నోటిమాటతో ఆసుపత్రి వార్డుగా మార్చిన మహానుభావురాలిని నేనే. ముందే చెబుతున్నాను, నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి.

అవి మడత ఫోన్ల రోజులు. ఉద్యోగం చేయనివ్వని వీసా మీద అమెరికాలో, శాంటా క్లారాలో కూర్చుని గోళ్లు గిల్లుకోలేక, సాయంత్రాలు చైనా వైద్యం క్లాసులో చేరాను. జలుబు పాఠం వినగానే నాకు రెక్కలొచ్చాయి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు; కొత్త వైద్యురాలు భోజనవేళ ఎరగదు.

స్నేహితురాలి పాప పుట్టినరోజున, భోజనాలయ్యాక, రిటైరైన గుండె డాక్టరు మూర్తి అంకుల్ వరసగా తుమ్ముతున్నారు.

"నెలల తరబడి ఇదే గోల. ట్రై చేయని మందు లేదు. ఏదీ, నీ చైనా వైద్యం ఏమంటుందో చెప్పు!"

"నాలుక చాపండి అంకుల్."

చాపారు. పసుపుకొమ్ములా ఉంది.

"జలుబు కొత్తలో నాలుక మీద పల్చటి తెల్లపూత ఉంటుంది. పచ్చబడిందంటే ముదిరి, లోపల వేడిగా మారినట్టే!"

"నాదీ చూడమ్మా," అన్నారు ఆయన భార్య లక్ష్మి ఆంటీ. పచ్చ! స్నేహితురాలిదీ పచ్చే. వాళ్లాయనదీ అంతే.

"అందరికీ అంటుకుంది! దూరం దూరంగా కూర్చోండి!" అని అరిచాను. ఒకావిడ అప్పుడే పిల్లల్ని కార్ ఎక్కించేసింది.

లక్ష్మి ఆంటీ మాత్రం కదల్లేదు. "నీ నాలుక చూసుకున్నావా?"

అద్దంలో చూసుకున్నాను. బంతిపువ్వు!

"అందరం తిన్నది నువ్వు తెచ్చిన పులిహోరేగా తల్లీ!"

ఇంటికప్పు ఎగిరేంత నవ్వారు. నేలలోకి దిగిపోవాలనిపించింది. కానీ చూడటమే కాదు, అడగటం కూడా మా పాఠంలో ఉంది. పట్టు వదల్లేదు.

"చలి వేస్తుందా అంకుల్? జ్వరం వచ్చి పోతోందా?"

"రెండూ లేవు."

"మధ్యలో ఎప్పుడైనా తగ్గిందా?"

"అరోరా అనే ఊళ్లో మా అమ్మాయి దగ్గరున్నన్నాళ్లూ ఒక్క తుమ్ము లేదు."

"అయితే ఇది జలుబే కాదు. రోగం మీ ఇంట్లో ఉంది! కొత్తగా ఏం తెచ్చుకున్నారు?"

ఆంటీ గొంతు సన్నబడింది. "పిల్లిని అడాప్ట్ చేసుకున్నాం. రోజూ ఈయన దిండు మీదే పడుకుంటుంది."

పిల్లి ఇల్లు దాటిన కొన్నాళ్లకు అంకుల్ ఫోన్ చేశారు. "తుమ్ములు ఆగిపోయాయి! నాకే తట్టలేదు చూడు. థాంక్యూ, డాక్టరు గారూ!"

గుండె డాక్టరు నన్ను డాక్టరు గారూ అన్నారండీ! ఆ వారమంతా కూరగాయల షాపులో కూడా అంబారీ ఎక్కినట్టే తిరిగాను.

పిల్లి ఎటు పోయిందంటారా? "కనిపెట్టినదానివి నువ్వే, పెంచాల్సిందీ నువ్వే," అని ఆంటీ మా గుమ్మంలో దింపి వెళ్లారు. వారం తిరక్కుండా మా ఆయన తుమ్మడం మొదలుపెట్టాడు.

అందుకే ఆ రోజే ముక్కోటి దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఎవరి రోగాన్నయినా కనిపెడతాను గానీ, దాన్ని ఇంటికి తెచ్చి పాలు పొయ్యను.